మూడు స్వరాల సంసారం

మన ఇళ్లలో ‘ప్రయోగం’ అనే మాటకు అంత మంచి పేరు లేదు. వంటింట్లో ప్రయోగం జరిగిందంటే ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకోవాలని అర్థం. వైద్యంలో ప్రయోగమంటే రోగి బంధువులు ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు. ఇక పల్లెటూళ్లలో ఎవరిమీదనో ప్రయోగం చేశారంటే నిమ్మకాయలూ, పసుపుకుంకుమలూ, నాలుగు బజార్ల కూడలీ గుర్తుకు వస్తాయి. అటువంటప్పుడు సంగీతంలో ప్రయోగం అనగానే పెద్దవాళ్లు లేచి రేడియో కట్టేయడంలో ఆశ్చర్యమేమున్నది? పియానో తీగల నడుమ మరలూ, మేకులూ, రబ్బరు ముక్కలూ ఇరికించి వాయించిన అమెరికా ఆసామీ సంగతి ఎవరైనా చెబితే, “పాపం, పెళ్లాంబిడ్డలు లేరు గామోసు” అని జాలిపడతారు.

అయినా నాకు ఆ మాటమీద మొదటినుంచీ కాస్త పక్షపాతమే. ఎందుకంటే, సంగీతంలో నాకు తెలిసిన గొప్ప ప్రయోగశీలి మేకులు పట్టుకుని తిరిగినవాడు కాదు. పట్టుబట్ట కట్టి, నుదుట బొట్టు పెట్టి, తంబూరా ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్న మన తెలుగాయనే. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు.

ఆయన గొంతు వినని తెలుగిల్లు ఉండదు. కాని గొంతు మాధుర్యంలో పడి, ఆ గొంతు వెనక ఉన్న తలను మనం అంతగా పట్టించుకోలేదేమోనని నా అనుమానం. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ చిత్రంలో ఆయన నారదుడు వేశారు. నారదుడి వీణ పేరు మహతి. అదే పేరుగల రాగమొకటి ఆయన కల్పనల్లో ఉన్నదన్న సంగతి మాత్రం, ఆ సినిమాను నాలుగుసార్లు చూసినవారికి కూడా తెలియకపోవచ్చు. అందులో ఉన్నవి నాలుగే స్వరాలు. ఇంకో రాగంలో మూడే.

మూడా అని తేలిగ్గా అనేయకండి. లోకంలో జరిగిన తగాదాల్లో చాలా భాగం ఇంత చిన్న అంకెలమీదనే జరిగాయి.

ఆయన 1930 జూలై 6వ తేదీన తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్యగారు కూడా సంగీతజ్ఞులే. ఆయనే పిల్లవాణ్ణి పెంచి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చేర్చారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యరుగారు. ఆయనకు గురువు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. అంటే నాలుగు మెట్లెక్కితే తిరువయ్యారులో స్వామివారి వాకిట్లో ఉంటామన్నమాట. ఎనిమిదో ఏట విజయవాడలో కచేరీ చేశారు. పదిహేనేళ్ల ప్రాయంలోనే డెబ్బైరెండు మేళకర్త రాగాలన్నింటిలోనూ కృతులు కట్టారు. ఆ కృతులు 1952లో ‘జనక రాగ మంజరి’ పేర అచ్చయ్యాయి. తరువాత విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయనే తొలి ప్రిన్సిపాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చేతగాక స్వరాలు తగ్గించినవాడు కాదని. డెబ్బైరెండు మేడలకూ తాళంచెవులు మొలకు కట్టుకు తిరిగిన మనిషి, ఒకనాడు ఊరిబయట మూడు నిట్రాళ్లతో గుడిసె వేసి, “ఇందులో కాపురం చేయలేమా?” అని అడిగాడు. బీదవాడు గుడిసె వేస్తే ఎవ్వరూ తిరిగి చూడరు. మేడలున్నవాడు వేస్తే ఊరంతా కదులుతుంది.

కదిలింది కూడా. మన శాస్త్రంలో ఏడు స్వరాల రాగం సంపూర్ణం, ఆరు స్వరాలది షాడవం, ఐదు స్వరాలది ఔడవం. మోహన, హిందోళం, హంసధ్వని - మనం రోజూ వినే ఈ మూడూ ఔడవాలే. ఐదుకు తగ్గితే రాగమనిపించుకోదని పెద్దల కట్టుబాటు. బాలమురళిగారు ఆ గీత దాటారు. మహతిలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం - అంతే. లవంగిలో షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. సర్వశ్రీ అని మరొకటి. అందులో షడ్జమం, శుద్ధ మధ్యమం, పంచమం. ఇల్లు మొత్తం ఊడ్చేసి మూడు పీటలు మాత్రం మిగిల్చారు.

ఈ కొత్త రాగాలను వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్‌గారు బహిరంగంగానే ఆక్షేపించారు. 1980లలో ఆ తగాదా పత్రికలకెక్కింది. ఆక్షేపణ బొత్తిగా కొట్టిపారేయవలసింది కాదు. రాగమంటే ఉత్త స్వరాల జాబితా కాదు. తరతరాలుగా ఎందరో పాడి పాడి అరగదీసిన దారి. ఒకరు కాగితంమీద గీత గీసి ఇదే దారి అంటే ఎట్లా? న్యాయమైన ప్రశ్నే. కాని మొదటి మనిషి నడవనిదే ఏ దారి ఏర్పడింది?

ఇక లెక్క. మూడు స్వరాలను తిరిగి పలకకుండా ఎన్ని విధాల పేర్చవచ్చు? ఆరు. నాలుగింటిని ఇరవైనాలుగు, ఐదింటిని నూట ఇరవై. ఏడింటినైతే 5,040 విధాల పేర్చవచ్చునని పదమూడో శతాబ్దంలోనే శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో లెక్కగట్టాడు. అంటే సంపూర్ణ రాగం పాడే విద్వాంసుడు ఐదువేల పైచిలుకు ఆస్తిపరుడైతే, మూడు స్వరాలు పట్టుకున్నవాడి జేబులో ఆరే బిళ్లలన్నమాట. ఆ ఆరు బిళ్లలతో సభకు విందుభోజనం పెట్టాలి.

ఎట్లా పెట్టారు? ఒకే స్వరాన్ని మంద్రంలో ఒక మనిషిగా, మధ్యమ స్థాయిలో ఇంకొక మనిషిగా, తారస్థాయిలో వేరొక మనిషిగా చూపించి. ఒక స్వరంమీద ఎంతసేపు నిలవాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో, ఏ అక్షరం దగ్గర తాళానికి కొంచెం పక్కకు తప్పుకోవాలో తెలిసి. స్వరాలెక్కువ ఉన్నప్పుడు ఇవన్నీ సందట్లో కొట్టుకుపోతాయి. తక్కువ ఉన్నప్పుడు ప్రతి చిన్న కదలికా కనబడుతుంది. నిండిన అల్మరాలో ఒక గ్లాసు పోతే ఎవరికి తెలుస్తుంది? మూడే గ్లాసులున్న ఇంట్లో ఒకటి జరిగినా తెలుస్తుంది.

ఇంత తర్కం నాకు పుస్తకాలవల్ల రాలేదు. నాకు సంగీతం రాదు. మా బాపు చెవులవల్ల వచ్చింది.

మా బాపు జనగామ మార్కెట్టులో ఒక అడ్తి దుకాణంలో ముప్ఫైయేళ్లు పద్దులు రాశాడు. పగలు వడ్లూ, పల్లీలూ, పత్తీ, రాత్రి భజన. హార్మోనియం సొంతంగా నేర్చుకున్నాడు. శనివారం రాత్రి భజనలో ఎవరి తాళం తప్పినా, మరునాడు పద్దులో పైసా తప్పినంత బాధపడేవాడు. డెబ్బై దాటాక ఆ చెవులు మెల్లమెల్లగా మూతపడసాగాయి.

వయసు మీదపడ్డ చెవికి అన్ని ధ్వనులూ ఒక్కసారిగా పోవు. హెచ్చు స్థాయివి ముందు పోతాయి. ‘ఆ, ఓ’ వంటి అచ్చుల గొంతు కింద ఉంటుంది. ‘స, ష, చ, త, క’ వంటి హల్లుల గుసగుస పైన ఉంటుంది. అందుకని ముసలివాళ్లకు మనం మాట్లాడుతున్నట్లు వినబడుతుంది గాని, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. మా ఆవిడ, “మామా, చారు పొయ్యన్నా?” అంటే, “కారా? ఎవలొచ్చిండ్రు?” అని వాకిలివైపు చూసేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు.

కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. అది మేము తొందరగా కనిపెట్టలేదు. ఇంట్లో ఒక మనిషి మౌనంగా ఉంటే నెమ్మదస్తుడంటాం గాని, ఒంటరివాడని ఎవరంటారు? అందరం నవ్వినప్పుడు ఆయన కూడా నవ్వేవాడు, ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణం నా గుండెలో ముల్లులాగా గుచ్చుకునేది.

చెవుల డాక్టరుకు చూపించి మిషను పెట్టించాం. మాటలు కొంత నయమయ్యాయి. పాటలు మాత్రం ఇంకా పాడయ్యాయి. మిషను అన్నింటినీ పెంచుతుంది. వయొలిన్లూ, డప్పులూ, గొంతులూ ఒకదానిమీద ఒకటి పడి, “రేకులమీద రాళ్లవాన వడ్డట్టున్నదిరా” అన్నాడు. హార్మోనియంమీద గుడ్డ కప్పాడు. ఆ గుడ్డమీద దినపత్రికలు పేర్చడం మొదలయింది. ఒక ఇంట్లో సంగీతం చచ్చిపోవడమంటే అట్లాగే ఉంటుంది. ఏడుపులుండవు, పత్రికలు పేరుకుంటాయి.

అటువంటి రోజుల్లో ఒక సాయంకాలం ఫోన్లో సర్వశ్రీ రాగం పెట్టి, చిన్న స్పీకరు ఆయన కుర్చీ దగ్గరికి జరిపాను. ఏదో జరుగుతుందని కాదు. నాకిష్టమైనది ఆయన దగ్గర కూర్చుని విందామని. తంబూరా శ్రుతి, ఆ నిండైన గొంతు, తొందరలేని ఆలాపన. కాసేపటికి చూస్తే బాపు బొటనవేలు మిగిలిన వేళ్లమీద ఆడుతున్నది - లెక్క వేసేటప్పుడు ఆడినట్టే.

“ఒక్కడే పాడుతుండు గదా?” అన్నాడు.

“అవు బాపూ.”

“ఎటు పోతుండో తెలుస్తున్నది. ఎన్ని సురాలు?”

“మూడు.”

“మూడేనా? మిగిలినయి ఏడవోయినయి?”

“ఆయననే తీసేసిండు.”

బాపు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “తీసేసి మంచి పని చేసిండు. నాకు సుత మిగిలింది గంతే” అన్నాడు.

వినికిడి తిరిగి వచ్చిందని నేను చెప్పడం లేదు. అటువంటి అద్భుతాలు సీరియల్ నవలల్లో జరుగుతాయి. జరిగింది చాలా చిన్న విషయం. తరువాత ఆలోచిస్తే దానికి కారణం కూడా కనబడింది. షడ్జమానికీ పంచమానికీ ఉన్న సంబంధం మూడుకు రెండు. షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ నాలుగుకు మూడు. చెవి గుర్తుపట్టడానికి ఇంతకంటె తేలికైన దూరాలు స్వరాల్లో అరుదు. అందుకనే తంబూరాను షడ్జమ పంచమాలతో, పంచమం లేని రాగమైతే మధ్యమంతో శ్రుతి చేస్తారు. అంటే బాలమురళిగారు ఎక్కడినుంచో కొత్త స్వరాలు తేలేదు. ప్రతి కచేరీలోనూ వెనక కూర్చుని మోగుతూ, ఎవరూ పట్టించుకోని తంబూరా స్వరాలనే ముందుకు పిలిచి, “ఇవాళ మీరే పాటకులు” అన్నారు. చెవి శిథిలమైనా పునాది మిగిలి ఉంటుంది. ఆయన పునాదిమీద నడిచారు. మా బాపు ఆయన వెంట నడవగలిగాడు.

మా మేనత్త ఒప్పుకోలేదు. ఆవిడ మా ఇంటి బాలచందర్. “ఇదేం పాటరా, ఉప్పు చింతపండు లేని పులుసు లెక్క” అన్నది. మహతి వినిపిస్తే కొంత మెత్తబడింది. ఆ నాలుగు స్వరాలను పాశ్చాత్యులు ఒకేసారి మోగిస్తారు. అయితే అక్కడ అది సాధారణంగా ఒక గుమ్మం వంటిది, దాన్ని దాటి వేరొక చోటికి పోవడానికి. మనాయన ఆ గుమ్మంలోనే చాప వేసుకుని కూర్చున్నారు. “అట్లయితే ఎంతసేపని గుమ్మంల కూసుంటడు?” అని అత్త ప్రశ్న. మేము నవ్వాం. బాపు ఈసారి అందరితోపాటే నవ్వాడు. అత్త ఎప్పుడూ ఎదురుగా నిలబడి, గట్టిగా, ఒక్కొక్క మాటే అంటుంది మరి.

సరే, తీసివేయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలి? ఈ ప్రశ్న వేసుకున్నవాడు ఇంకొకడున్నాడు. మొదట చెప్పిన మేకుల ఆసామీయే. పేరు జాన్ కేజ్. 1912లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టాడు. 1946లో అహమ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయ్ అనే ఆవిడ న్యూయార్కు వెళ్లినప్పుడు ఆయన ఆవిడకు పాశ్చాత్య సంగీతం చెప్పాడు, ఆవిడ ఆయనకు మన సంగీతం చెప్పింది. డబ్బు పుచ్చుకోలేదు, వాయనం ఇచ్చి వాయనం పుచ్చుకున్నట్లన్నమాట. మనసును నెమ్మదింపజేసి దైవకృపకు పాత్రం చేయడమే సంగీత ప్రయోజనమని తన గురువు చెప్పినట్లు ఆవిడ చెబితే, ఆ మాట ఆయన జీవితాంతం మరచిపోలేదు.

1952 ఆగస్టు 29న, అంటే మన ‘జనక రాగ మంజరి’ అచ్చయిన యేటనే, న్యూయార్కు రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో ఆయన కొత్త రచన ఒకటి సభకు వచ్చింది. డేవిడ్ ట్యూడర్ అనే వాద్యకారుడు పియానో ముందు కూర్చుని, మూత వేసి, గడియారం చూస్తూ నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకన్లు ఏమీ వాయించకుండా లేచాడు. జనం కోపం తెచ్చుకున్నారు. తెచ్చుకోరా మరి? కాని కేజ్ తరువాత చెప్పినదేమిటంటే, ఆ కాసేపట్లో మొదట బయటి గాలి వినిపించిందట, తరువాత కప్పుమీద చినుకులు, ఆ తరువాత లేచిపోతున్నవారి గుసగుసలు. నిశ్శబ్దమనేది లేదు, మనం వినకపోవడమే ఉన్నది అని ఆయన వాదం. అంతకు ముందు హార్వర్డులో ధ్వని చొరని గదిలో కూర్చుంటే, అక్కడ కూడా తన ఒంటిలోని చప్పుళ్లే వినిపించాయట.

ఒకే సంవత్సరంలో ఇక్కడొకరు డెబ్బైరెండు గదులు నింపారు. అక్కడొకరు ఉన్న ఒక్క గదీ ఖాళీ చేశారు. నాకు ఇద్దరూ ఇష్టమే. కాని ఇద్దరూ ఒకటి కాదు. కేజ్ తాను తప్పుకుని మనకు లోకాన్ని అప్పగించాడు. బాలమురళిగారు తప్పుకోలేదు, మూడు స్వరాల్లోనూ తానే నిలబడి, మనల్ని దగ్గరికి రమ్మన్నారు. ఒకరు ఇల్లు విడిచి మనకిచ్చిపోయినవాడు, ఒకరు చిన్న ఇంట్లో చాప జరిపి చోటిచ్చినవాడు.

కేజ్ రచనల్లో వీలయినంత నెమ్మదిగా వాయించమని చెప్పినదొకటున్నది. జర్మనీలో హాల్బర్‌స్టాట్ అనే ఊళ్లోని పాత చర్చిలో దాన్ని 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు. మొదట విరామం, పదిహేడు నెలలు ధ్వనే లేదు. 2003 ఫిబ్రవరిలో మొదటి స్వరం మోగింది. ఆర్గాన్ మీటలు పైకి లేవకుండా ఇసుక సంచులు వేలాడదీశారు. ఒక్కొక్క స్వరం నెలలూ సంవత్సరాలూ మోగుతుంది. మారేరోజున దేశదేశాలనుంచి జనం వస్తారు. కేజ్ 1992లోనే పోయాడు. ఆ వాయింపు మాత్రం 2640లో ముగుస్తుంది - మొత్తం 639 సంవత్సరాలు. ఈ సంగతి చెప్పగా మా మేనత్త, “ఇసుక సంచులు పెట్టి మనుషులు ఇంటికి పోతరా? మంచిగున్నది కొలువు” అన్నది. బాపు మాత్రం, “అసలు రాసినోడు పోయినా పద్దు నడుస్తున్నదన్నట్టు” అన్నాడు. గుమాస్తా కదా, అర్థమయింది.

ధ్వనిని భవనంలో నిలబెట్టడమనేది మనకు మాత్రం కొత్తా? ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఆ గుళ్లో గర్భాలయ ద్వారం పక్కనున్న చెక్కడాన్ని వేలితో మీటితే రాయి పలుకుతుంది, ఒక్కొక్కచోట ఒక్కొక్క ధ్వనితో. చెక్కిన శిల్పి ఎనిమిదివందల ఏళ్ల కిందటే వెళ్లిపోయాడు. ధ్వని అక్కడే కాపురమున్నది. ఇసుక సంచీ అవసరం కూడా లేదు.

స్వరాలు తక్కువైతే సంగీతం కాదనేవారు జనగామ పక్కనున్న పల్లెలను ఏం చేస్తారో నాకు తెలియదు. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ తిరిగే పాట, నా చెవికి నాలుగైదు స్వరాలు దాటదు; అయినా ఊరు ఊరంతా దానిలో తిరుగుతుంది. ఒగ్గు కథలో డోలు, తాళాలు, ఒగ్గు - మల్లన్న కథ తెల్లవార్లూ నడవడానికి ఇవి చాలు. లింగాలఘనపురం మండలం మాణిక్యపురంవారైన చుక్క సత్తయ్యగారు ఆ కథను గుడి ముంగిటినుంచి పెద్ద పెద్ద వేదికలకు తీసుకుపోయారు. 2017లో ఆయన పోయిన తరువాత కూడా, మా వైపు డోలు చప్పుడు వింటే పెద్దలు ఆయన పేరే తలుస్తారు. ఆ డోలు కింది స్థాయి ధ్వని. మా బాపు మిషను తీసేసి వింటాడు. చెవితోకన్న ఛాతీతో వింటున్నట్టుంటుంది.

పోని ధ్వనులు ఏవో కూడా మాకు తెలిసింది. జనగామ పక్కనే పెంబర్తి. కాకతీయుల కాలంనుంచి చెబుతారు అక్కడి ఇత్తడి పని. రేకును లక్కమీద అదిమి, ఉలీ సుత్తే పట్టి, దెబ్బకొక గీత చొప్పున ఆకులూ పువ్వులూ తీస్తారు. ఆ చప్పుడులో ఒక సన్నని ఖంగుమనే తునక ఉంటుంది. వినేవాడికి అదే అందం. ఒకనాడు చుట్టం గృహప్రవేశానికి దీపపు కుందె కొనడానికి బాపును వెంటబెట్టుకుని పోయాను. ఆయన పనివాడి చేతివైపు చూస్తూ నిలబడిపోయాడు. “సుత్తె వడుతున్నది గాని మోత లేదురా. దుప్పటి మీద కొట్టినట్టున్నది” అన్నాడు. తరువాత కళ్లు సుత్తెమీదనే ఉంచి, చేత్తో తాళం వేశాడు. దెబ్బ దెబ్బకూ సరిగ్గా వేశాడు. ఒక్కటి తప్పలేదు.

వుడ్‌స్టాక్‌లో జనం నాలుగున్నర నిమిషాలకే లేచి వెళ్లిపోయారు. మా బాపుకు ఆ కచేరీ రోజూ జరుగుతున్నది. లేచి వెళ్లే సౌకర్యం ఆయనకు లేదు.

ప్రయోగశీలురను నేను మెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే. వాళ్లు వింతకోసం వింత చేస్తారని లోకం అనుకుంటుంది. కొందరు చేయవచ్చు; ఆ సంగతి కాలం తేలుస్తుంది. కాని నిజమైన ప్రయోగం ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది లేకపోతే ఏం మిగులుతుంది? సుఖంగా ఉన్నవాడికి ఆ ప్రశ్న విలాసంగా తోస్తుంది. కాలం ఎవరి దగ్గరినుంచో ఒక్కొక్కటే లాక్కుపోతున్నప్పుడు - చెవులో, కళ్లో, కాళ్లో - ఆ ప్రశ్న ఇంటి ప్రశ్న అవుతుంది. ఆ వేళకు, మూడింటితో కూడా నిండుగా ఉండవచ్చునని ముందుగానే ఎవరో పాడి పెట్టి ఉండటం చిన్న ఉపకారమా?

బాలమురళిగారు 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది 1991లో, ఫ్రాన్సు ప్రభుత్వం షెవాలియే బిరుదు ఇచ్చింది 2005లో. ఇవన్నీ పెద్ద సత్కారాలే. మా ఇంట్లో జరిగిన సత్కారం మాత్రం పత్రికలకెక్కదు: హార్మోనియంమీది పత్రికలు తీసి, గుడ్డ దులిపారు.

ఇంకొకటి కూడా జరిగింది. మా ఆవిడ ఇప్పుడు పొయ్యి దగ్గరినుంచి కేకవేయదు. బాపు ఎదురుగా వచ్చి, మొగం కనబడేట్టు నిలబడి, తక్కువ మాటలు, ఒక్కొక్కటే అంటుంది. “మామా. చారు.” ఆయన గిన్నె జరుపుతాడు. పిల్లలు కూడా ఒకరి తరువాత ఒకరు మాట్లాడటం నేర్చుకున్నారు; ఇది స్వరం తగ్గించడంకన్న కష్టమైన ప్రయోగమని తల్లిదండ్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి, మాట్లాడుకోవడం ఎక్కువయింది.

మొన్న ఆదివారం బాపు హార్మోనియం ముందు కూర్చున్నాడు. సా, మా, పా. ఆ మూడింటినీ తిప్పి తిప్పి, ఆరు విధాలూ వరసగా వాయించి, పద్దు మూసినట్టు తల ఊపాడు. మా మేనత్త పక్కనే బియ్యం ఏరుతూ, “మూడుతోనే ఇంత చేస్తే ఇంకేం, రెండుతోని కూడా చేయరాదా?” అని ఎత్తిపొడిచింది, ఎదురుగా నిలబడి, గట్టిగా.

బాపు ఆ మాటను పరిహాసంగా తీసుకోలేదు. కాసేపు ఆలోచించి, పా మీదినుంచి వేలు తీశాడు.